ఎనభై దగ్గర వణుకు

2023 మే నెల. మా ఆపాకి ఒక ఇనుప బీరువా కొన్నాను. వైజాగ్‌లో కొని తగరపువలస చేర్చాలి. కిరాయి బండి వెతుక్కునే పని లేదు, ఆపా కొడుకుకే పికప్ ఉంది. "మామూ, మీరూ కూర్చోండి, చాయ్ మా ఇంట్లోనే తాగుదురు" అన్నాడు. బీరువా వెనక, నేను ముందు. హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, కొమ్మాది వరకు ట్రాఫిక్కే. మీటరు ముల్లు యాభై దాటింది లేదు. ఆనందపురం జంక్షన్ దాటాక రోడ్డు తెరుచుకుంది.

డెబ్బై దగ్గర మొదలైంది. అద్దానికి వేలాడదీసిన తస్బీహ్ ముందు సన్నగా ఆడింది. తర్వాత స్టీరింగ్. వాడు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు, ముంజేతుల మీద కండ అదురుతోంది. ఎనభైకి వచ్చేసరికి స్టీరింగ్ అంచు కళ్లకి మసగ్గా, రెండుగా కనిపించింది. నేను నోరు తెరిచేలోపు వాడు ఇంకా తొక్కాడు. తొంభై దగ్గర ఆ వణుకు సగానికి సగం తగ్గిపోయింది. వాడి భుజాలు కూడా వదులయ్యాయి.

"ఏంట్రా ఇది?"

"కుచ్ నై మామూ. రోడ్డు."

రోడ్డు నున్నగా ఉంది. ఎన్‌హెచ్ 16 అక్కడ ఎలా ఉంటుందో ఆ దారిలో తిరిగేవాళ్లందరికీ తెలుసు. ఇరవై ఏళ్లుగా పేపర్లో పని చేస్తున్నాను, అబద్ధం చెప్పేవాడు జవాబు ఎంత చిన్నగా చెబుతాడో నాకు తెలుసు. ఇంటికి వెళ్లేదాకా ఊరుకున్నాను.

మీరు ఈ బ్లాగులో ఇలాంటి మజ్మూన్ ఊహించి ఉండరు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాడికి టైర్లతో ఏం వాస్తా అని నవ్వుకుంటారేమో. కానీ మన ఖాందాన్‌లలో ఒక డ్రైవరు లేని ఇల్లు ఎక్కడుంది? ఆటో, లారీ, పికప్, గల్ఫ్‌లో ట్రెయిలర్, ఏదో ఒకటి. నాకు ఆ నాలుగు రోజుల్లో తెలిసింది మీలో ఎవరింట్లోనైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆపా సంగతి చెప్పాలి. మా బావ లారీ డ్రైవర్. 2011లో ఒడిశా వైపు లోడు తీసుకెళ్తుంటే ముందు టైరు పేలి బండి డివైడర్ ఎక్కింది. ఇంటికి ఫోన్ చేసినవాళ్లు చెప్పిన మొదటి మాట "టైరు". ఆ తర్వాత చెప్పినవి ఏవీ ఆపా చెవిన పడలేదట. అప్పటి నుంచి ఆమె ముందు ఆ మాట మేమెవరం అనం. పిల్లల సైకిలుకు గాలి పోయినా "చక్రం దిగిపోయింది" అంటాం. వాడికి అప్పుడు పదకొండేళ్లు.

వాడు డిప్లొమా చేసి ఒక కంపెనీలో కొన్నాళ్లు కాంట్రాక్టు మీద పని చేశాడు. నచ్చలేదు. 2022లో సెకండ్ హ్యాండ్ పికప్ కొంటానన్నాడు. ఆపా ఆరు నెలలు ఒప్పుకోలేదు. చివరికి రెండు షర్తులు పెట్టింది: రాత్రి నడపకూడదు, శ్రీకాకుళం దాటకూడదు. ఫైనాన్స్ పోను చేతికి కొంచెమే మిగిలినా వాడు ఖుషీగానే ఉన్నాడు. ఎండాకాలం విజయనగరం తోటల నుంచి సువర్ణరేఖ మామిడికాయలు, మిగతా రోజుల్లో షామియానా సామాను, ఇళ్లు మారేవాళ్ల సామాను.

బీరువా దింపాక గోస్తనీ వంతెన పక్కకి తీసుకెళ్లాను వాడిని. జూట్ మిల్లు సైరన్‌కి ఊరంతా లేచే రోజుల్లో అక్కడ చాయ్ హోటల్లో కూర్చోడానికి జాగా దొరికేది కాదు. మిల్లు గేటు 2009లో మూతపడింది, ఇప్పుడు బల్లలన్నీ ఖాళీ. రెండు చాయ్‌లు చెప్పి, "ఇప్పుడు చెప్పు" అన్నాను.

అప్పుడు బయటికి వచ్చింది. ఫిబ్రవరిలో మొదలైందట. మొదట ఎనభై దగ్గర కాస్త తిమ్మిరిలా. ఒక షాపులో చూపిస్తే అలైన్‌మెంట్ అన్నారు, చేయించాడు. తేడా లేదు. ఇంకో షాపులో బ్యాలెన్సింగ్ అన్నారు. నాలుగు చక్రాలకీ సీసం ముక్కలు కొట్టారు. వారం పది రోజులు బాగానే ఉంది, మళ్లీ వచ్చింది. ఈసారి డెబ్బై నుంచే. మూడో షాపు వాళ్లు స్టీరింగ్ బాక్సే పోయింది, పద్దెనిమిది వేలు అన్నారు. ఆ పద్దెనిమిది వేలు కూడబెడుతున్నాడు. అందాకా ఏం చేస్తున్నాడంటే, డెబ్బైకి ఎనభై ఐదుకి మధ్యలో ఉండకుండా గబుక్కున దాటేస్తున్నాడు. "తొంభైలో పట్టుకుంటే వణకదు మామూ. అలవాటైపోయింది."

సరుకు బండ్లకి హైవే మీద ఉన్న హద్దు ఎనభై. వణుకు తప్పించుకోడానికి వీడు రోజూ ఆ హద్దు దాటుతున్నాడు, వెనక టన్నున్నర మామిడికాయలు పెట్టుకుని. వాడి తండ్రి ఎలా పోయాడో నాకంటే వాడికే బాగా తెలుసు. కోపం వచ్చింది గానీ కప్పు కింద పెట్టి, "అమ్మీకి తెలుసా?" అని మాత్రం అడిగాను.

"మీరు చెప్పకండి మామూ. బండి అమ్మేయమంటుంది."

చెప్పనని వాదా చెయ్యలేదు, చెబుతాననీ అనలేదు. మర్నాడు సెలవు పెట్టాను.

తగరపువలసలో హైవే పక్కన ఒక పాత మిస్త్రీ ఉన్నాడు. అందరూ చాచా అంటారు. బోర్డు లేదు, కంప్యూటర్ మిషన్ లేదు. ఒక రేకుల షెడ్డు, నల్లబడ్డ నేల, ఇద్దరు షాగిర్దులు. మా బావ లారీ కమాన్లు ఆయన దగ్గరే వేయించేవాడు. మిస్త్రీ అంటే మన ఉర్దూ మాటే అనుకుంటూ పెరిగాను, అది పోర్చుగీసు వాళ్ల 'మెస్త్రె' అని డిగ్రీలో మా మాస్టారు చెబితే నమ్మలేదు. మన షెడ్డుల్లో మాటలు అన్నీ అలాంటివే. కమాన్, పానా, పేచ్ ఉర్దూ నుంచి వస్తాయి, స్టబ్బు, హబ్బు ఇంగ్లీషు నుంచి, తిట్లు మాత్రం తెలుగు.

చాచా బండిని ముట్టుకోలేదు. ముందు వాడిని స్టూలు మీద కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. ఎంత స్పీడులో వస్తది? ఎంతలో పోతది? బ్రేకు తొక్కితే వస్తదా, తొక్కకపోయినా వస్తదా? లోడుతోనా, ఖాళీగానా? చేతుల్లో వస్తదా, సీటు కింద వస్తదా? యాక్సిలరేటర్ వదిలేసి న్యూట్రల్‌లో పోనిస్తే ఉంటదా? బండి పక్కకి లాగుతదా? మొదటి రోజుకీ ఇవాళ్టికీ ఎక్కువైందా, అంతే ఉందా?

నేను గుడ్లప్పగించి వింటున్నాను. కొత్తగా చేరిన రిపోర్టర్లకి మా డెస్క్‌లో నేర్పే ప్రశ్నలే ఇవి. ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఎలా. అంతకుముందు మూడు షాపుల్లో ఒక్కరూ అడగలేదు. ఎవరి దగ్గర ఏ మిషన్ ఉంటే ఆ రోగం చెప్పారు.

ఒక్కో జవాబుకీ చాచా ఒక్కో వేలు మడిచాడు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే బ్రేకు డిస్కు వంకర పోయినట్టు. వీడిది తొక్కకపోయినా వణుకుతోంది, డిస్కు కాదు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వచ్చి, న్యూట్రల్‌లో పోతే ఇంజన్ వైపో, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటో చూడాలి. వీడిది న్యూట్రల్‌లోనూ ఉంది, అంటే చక్రాల్లోనే ఎక్కడో. సీటు, నేల వణికితే వెనక చక్రాలు. చేతుల్లో వస్తే ముందు చక్రాలు. బండి పక్కకి లాగడం లేదు. అలైన్‌మెంట్ తప్పితే బండి లాగుతుంది, టైరు ఒక పక్కే అరుగుతుంది, అంతేగానీ ఇలా వణకదట. కాబట్టి మొదటి షాపులో ఇచ్చిన డబ్బు బేకార్. ఇంక బాకీ ఉన్న జవాబు ఒకటే: రోజురోజుకీ ఎక్కువవుతోంది. చాచా అక్కడ ఆగాడు. "రిమ్ము వంకరైతే వంకరే ఉంటది. పెరగదు. పెరిగేది వేరే." అదేమిటో అప్పుడే చెప్పలేదు.

ఆ తర్వాత లేచాడు. షాగిర్దు వెనక చక్రాలకి రాళ్లు పెట్టి ముందు జాకీ ఎత్తాడు. చాచా చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. కింగ్ పిన్‌లో గానీ బేరింగ్‌లో గానీ లూజు ఉంటే అక్కడ తెలుస్తుందట. తర్వాత కుడీ ఎడమా పట్టుకుని ఊపాడు, టైరాడ్ ఎండులో లూజు ఉంటే అలా దొరుకుతుంది. నన్ను కిందకి వంగి జాయింట్ మీద వేలు పెట్టమన్నాడు. షాగిర్దు స్టీరింగ్ కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పుతుంటే జాయింట్ ముందుగా కదిలిందా, రాడ్ ముందుగా కదిలిందా చూడమన్నాడు. రెండూ కలిసే కదిలాయి. "స్టీరింగ్ బాక్సు బంగారంలా ఉంది. పద్దెనిమిది వేలు జేబులో పెట్టుకో" అన్నాడు వాడితో. వాడి మొహం చూడాలి.

చక్రాలు విప్పించి రిమ్ముల లోపలి వైపు బురద గీకించాడు. తోటల్లోకి వెళ్లే బండ్లకి అక్కడ మట్టి పేరుకుని ఎండిపోతుంది, ఒక్కోసారి జబ్బంతా అదే, ఖర్చు ఒక బకెట్ నీళ్లు. హబ్బు ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో రుద్దించాడు, చక్రం అక్కడ తిన్నగా కూర్చోకపోతే నట్లు ఎంత బిగించినా లాభం లేదు. ఆ రెండూ చేసి హైవే మీదకి వెళ్లొచ్చాం. వణుకు అలాగే ఉంది.

అప్పుడు చేసిన పని నాకు చాలా నచ్చింది. ఆ బండికి ముందూ వెనకా ఒకే సైజు చక్రాలు. ముందువి రెండూ వెనక్కి, వెనకవి రెండూ ముందుకి మార్పించాడు. పైసా ఖర్చు లేదు, అరగంట పని. "భోగాపురం దాకా వెళ్లి రండి. నువ్వు స్టీరింగ్ చూడు, మీ మామూ సీటు చూస్తాడు."

భోగాపురం వైపు పోనిచ్చాం. డెబ్బై. డెబ్బై ఐదు. వాడి చేతుల వైపు చూస్తున్నాను. స్టీరింగ్ నిశ్శబ్దంగా ఉంది. నాకు మాత్రం నడుము కింద సన్నని గుబగుబ మొదలైంది, సీటు ఫోములోంచి పైకి వస్తోంది. ఎనభై దగ్గర వెనక డాలా గొలుసులు గలగలలాడాయి. వాడు నా వైపు చూసి నవ్వాడు, మూడు నెలల తర్వాత మొదటిసారి చేతులు వదులుగా పెట్టుకుని. జబ్బు వెనక్కి వెళ్లింది, అంటే ఆ రెండు చక్రాల్లోనే ఉంది. బండిలో ఇంకెక్కడా లేదు.

తిరిగొచ్చాక ఒక్కో వెనక చక్రాన్నీ ఎత్తి, ఒక ఇనుప చువ్వ కొసని టైరుకి అంగుళంలో పావు దూరంలో నిలబెట్టి చేత్తో మెల్లగా తిప్పాడు. కుడిది తిరిగింది, సందు మారలేదు. ఎడమది తిరుగుతూ తిరుగుతూ ఒకచోట చువ్వని తాకి టిక్ మంది. మళ్లీ ఒక చుట్టు, మళ్లీ అక్కడే టిక్. రిమ్ము అంచు దగ్గర చువ్వ పెట్టి చూస్తే రిమ్ము తిన్నగానే ఉంది. చాచా నా చెయ్యి పట్టుకుని టైరు ముఖం మీద పెట్టాడు. హకీం నబ్జ్ చూసినట్టు అరచేత్తో మెల్లగా రాశాను. అరచెయ్యంత మేర ఉబ్బు. కంటికి కనిపించదు. చేతికి తెలుస్తుంది.

"లోపల తీగల పట్టీ ఊడుతోంది" అన్నాడు.

రేడియల్ టైరులో రబ్బరు కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. వయసు వల్లనో, ఎండ వల్లనో, గాలి తక్కువ పెట్టి లోడు మోయించడం వల్లనో ఆ పట్టీ రబ్బరు నుంచి విడిపోవడం మొదలవుతుంది. విడిన చోట ఉబ్బుతుంది. రోజూ కొంచెం. బ్యాలెన్సింగ్ వారం రోజులు పనిచేసి మళ్లీ ఎందుకు పోయిందో అప్పుడు అర్థమైంది. ఆ మిషన్ చక్రాన్ని గాలిలో తిప్పి ఏ పక్క బరువుందో చెబుతుంది, అంతే. ఉబ్బు రోడ్డు మీద, బరువు కింద, ఒక్కో చుట్టుకి ఒక్కో దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బ మిషన్‌కి కనపడదు. పైగా ఉబ్బు పెరిగితే నిన్న పెట్టిన సీసం ముక్క ఇవాళ తప్పు లెక్కే.

రాత్రి కాగితం మీద లెక్క వేశాను. వాడి టైరు 215/75 ఆర్ 15. ఎత్తు 70 సెంటీమీటర్లు, ఒక్క చుట్టుకి బండి 2.2 మీటర్లు జరుగుతుంది. గంటకి 80 అంటే సెకనుకి 22 మీటర్లు, అంటే చక్రం సెకనుకి పది చుట్లు. సెకనుకి పది దెబ్బలు. రిమ్ము అంచున యాభై గ్రాముల తేడా ఉంటే 40 స్పీడులో అది ఒక కిలో బరువులా గుంజుతుంది. 80లో నాలుగు కిలోలు. స్పీడు రెట్టింపైతే గుంజుడు నాలుగింతలు. మరి ఎనభై ఐదు దాటాక వణుకు తగ్గడమేమిటి? కమాన్ల మీద, టైర్ల గాలి మీద ఆడే ముందు యాక్సిలుకి సొంత తాళం ఒకటి ఉంటుంది. చాలా బండ్లకి అది సెకనుకి పది పదిహేను సార్ల లోపల. చక్రం దెబ్బలు ఆ తాళానికి కలిసిన చోట, సరైన క్షణంలో నెట్టిన ఊయలలాగా, బండి బాగా ఊగుతుంది. దాటిపోతే తాళం తప్పుతుంది, చేతికి తక్కువ తెలుస్తుంది. టైరు మీద దెబ్బ మాత్రం తగ్గదు, పెరుగుతుంది. వాడు తొంభైలో హాయిగా ఉందనుకున్న ప్రతిసారీ ఆ పట్టీ ఇంకొంచెం ఊడుతూనే ఉంది. మే నెల, మిట్టమధ్యాహ్నం, తారు రోడ్డు, టన్నున్నర లోడు. నిద్ర పట్టలేదు నాకు.

ఇంకో సంగతి. చాచా టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు చూపించాడు: 3116. 2016లో ముప్పై ఒకటో వారంలో తయారైందని అర్థం. ప్రతి టైరు మీదా ఉంటుంది ఇది, మీ ఇంటి బండి మీద కూడా ఉంది, వెళ్లి చూడండి. ఐదేళ్లు దాటితే ఏటేటా చూపించుకోమని, ఎంత బాగున్నా పదేళ్లకి తీసెయ్యమని టైర్ల కంపెనీలే చెబుతాయి. వీడి టైరు గాడి చూస్తే లోతుగా, కొత్తదానిలా ఉంది. బండి అమ్మినాయన ఎక్కడో మూల పడున్న పాత టైరు వేసి నల్ల పాలిష్ కొట్టి ఇచ్చాడన్నమాట. వీడు గాడి చూసి కొన్నాడు, అంకె చూడలేదు. నేనూ పక్కనే ఉన్నాను ఆ రోజు. ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ కాగితాలన్నీ అక్షరం అక్షరం చదివాను. టైరు మీద రాసింది చదవాలని తట్టలేదు.

ముందు చక్రాలకి రెండు కొత్త టైర్లు వేయించాలి. పద్నాలుగు వేల చిల్లర. నేనిస్తానన్నాను. వాడు వద్దు, స్టీరింగ్ బాక్సు కోసం దాచింది ఉందన్నాడు, లెక్కపెడితే తొమ్మిది వేలే. ఈ బేరంలో మేమిద్దరం వాకిట్లో గుసగుసలాడుతుంటే ఆపా వంటింట్లోంచి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"టైరేనా?" అంది.

పన్నెండేళ్ల తర్వాత ఆమె నోట ఆ మాట విన్నాను. మేమిద్దరం ఏం మాట్లాడలేదు.

"రంజాన్ ముందు బాబామెట్ట దర్గాకి తీసుకెళ్లాడు నన్ను. కాళ్ల దగ్గర నీళ్ల సీసా పెట్టుకున్నాను. ఒక స్పీడుకి వచ్చేసరికి నీళ్లు గజగజలాడేవి. వీడు ఇంకా తొక్కేవాడు, ఆగిపోయేవి. మీ బావ బండిలో కూర్చున్నదాన్ని కాదా నేను? ఎప్పుడు చెబుతాడా అని చూస్తున్నాను."

"అడగొచ్చు కదా ఆపా."

"అడిగితే రోడ్డు అంటాడు."

బండి అమ్మేయమనలేదు. ఆ టైరు చూపించమంది. నాకు చూపించాలని లేదు. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంది.

షెడ్డులో విప్పిన టైరు గోడకి ఆనించి ఉంది. చాచా లేచి సలాం చేసి పక్కకి జరిగాడు. ఆపా వంగి అరచేత్తో రాసింది, ఒక చుట్టు, మెల్లగా. ఉబ్బు దగ్గర చెయ్యి ఆగింది. చాలాసేపు అక్కడే ఉంచింది. "ఆయనదీ ఇలాగే ఉండి ఉంటుందా?" అని చాచాని అడిగింది. చాచా తల దించుకుని, "నేను చూడలేదమ్మా. చూడని దాని గురించి ఏం చెప్పను" అన్నాడు. ఆ జవాబుకి ఆయన మీద నా ఇజ్జత్ ఇంకా పెరిగింది. ఓదార్చడానికి ఏదో ఒకటి అనేయొచ్చు. అనలేదు.

తర్వాత ఆపా కోరిక మీదే ఆ టైరుని పక్క గోడల దగ్గర కత్తితో నాలుగు చోట్ల కోయించాం, మళ్లీ ఎవడూ పాలిష్ కొట్టి అమ్మకుండా. కోసిన చోట రబ్బరు పొర చెప్పు అట్టలా లేచి వచ్చింది, కింద తీగలు తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి.

తక్కువ పడిన ఐదు వేల పైచిలుకు ఆపా తన చిట్టీ డబ్బులోంచి ఇచ్చింది, నన్ను ఇవ్వనివ్వలేదు. కొత్త టైర్లు ముందు వేసి, బ్యాలెన్స్ చేయించి, వెనక మిగిలిన రెండింటి అంకెలు కూడా చూశాం. 2020వి. కొన్నాళ్లు ఫరవాలేదు. ఖాళీ బండి గాలి ఎంత, లోడు బండి గాలి ఎంత అని డోరు పక్క చీటీ మీద ఉన్నది చాచా వాడి చేత రెండుసార్లు చదివించాడు.

సాయంత్రం అసర్ నమాజ్ అయ్యాక ముగ్గురం భోగాపురం వైపు వెళ్లాం. మధ్యలో ఆపా, ఒళ్లో నీళ్ల సీసా. డెబ్బై. డెబ్బై ఐదు. ఎనభై. ఆమె సీసా వైపు చూస్తోంది, నేను ఆమెని చూస్తున్నాను. వాడు ఎనభై రెండుకి వెళ్లాడు.

"ఎందుకు తొక్కుతున్నావ్ ఇప్పుడు?" అంది ఆపా.

"అలవాటు అమ్మీ."

"మానుకో."

ముల్లు ఎనభై కిందకి వచ్చింది. నాతవలస టోల్ గేటు దాకా ఎందుకులే, డబ్బు దండగ అని భోగాపురంలోనే వెనక్కి తిప్పించేసింది. వచ్చేటప్పుడు దారిలో సీసా మూత తీసి సగం తాగి, మిగతా సగం నాకిచ్చింది.